మొదటి వారం గట్టు మీద, మిగతా ఏడాది లంకలో

(మద్యం మానాలనుకునేవారి కుటుంబాల కోసం కోనసీమలో గోదావరి పాయల మధ్య దీవిలా ఉండే ఒక లంక గ్రామంలో జరిగిన సమావేశంలో, ఈ చికిత్సలో పనిచేసే వైద్యురాలి ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసింది.)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. మగవాళ్ళు కూడా లోపలికి రండి బాబూ, గుమ్మం బయట నిలబడితే సగమే వినపడుతుంది. ఇవాళ ఎవర్నీ తప్పుపట్టడానికి రాలేదు. తాగుడు ఒక జబ్బు. దానికి చికిత్స ఉంది. ఆ చికిత్స గురించే మాట్లాడుకుందాం.

పడవ వేళకి మధ్యలో లేచేవాళ్ళు ఉంటారు కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. రోజూ తాగే మనిషి మానడానికి ఈ లంక చాలా మంచి చోటు. కానీ మొదటి వారానికి కాదు. మొదటి వారం ఏరు దాటి గట్టు మీద, ఆస్పత్రిలో గడవాలి. తర్వాత ఏడాది లంకలో గడవాలి. ఈ వరస తిరగబడితే ప్రాణం మీదకొస్తుంది.

మామూలుగా ఏం జరుగుతోంది? అమలాపురంలోనో రాజమండ్రిలోనో పనిచేసుకునే కొడుకు తాగుడులో పడతాడు. తల్లి ఏమంటుంది? "వాణ్ణి లంకకి తెచ్చేస్తే సరి. ఇక్కడ కొట్టు లేదు, నాలుగు రోజులు పడవెక్కనివ్వకపోతే వాడే మానతాడు" అంటుంది. ప్రేమతోనే అంటుంది. సాయంత్రం పడవలో తెస్తారు, జేబులో డబ్బులు తీసేస్తారు, ఫోను దాచేస్తారు. మొదటి రాత్రి చెమటలు, వణుకు. "మందు దిగుతోందిలే, మంచిదే" అనుకుంటారు. రెండో రాత్రి ఫిట్స్ వస్తాయి. అప్పుడు రేవులో పడవుందా? నడిపేవాడున్నాడా? ఉన్నా అవతలి రేవుకి 108 వచ్చి ఉంటుందా? ఆలోచించండి.

ముందు ఏరు దాటాలి

ఎందుకిలా అవుతుంది? ఏళ్ళ తరబడి రోజూ మందు పడుతుంటే అది మెదడును జోకొడుతూ ఉంటుంది. మెదడు మేలుకుని ఉండాలి కదా, అందుకని లోపల వేగం పెంచుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆపితే జోకొట్టే చెయ్యి పోతుంది, పెరిగిన వేగం మాత్రం అలాగే ఉంటుంది. చెయ్యి వణుకు, గుండె దడ, చెమట, వాంతి, నిద్ర పట్టకపోవడం, అన్నీ దానివల్లే.

గంటలు గుర్తుపెట్టుకోండి. రాసుకోగలిగినవాళ్ళు రాసుకోండి. ఆఖరి గ్లాసు తాగిన 6 నుంచి 8 గంటల్లో వణుకు, కంగారు మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. ఒక రోజు గడిచేసరికి కొందరికి లేనివి కనపడతాయి, వినపడతాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు. అన్నిటికన్నా ప్రమాదమైనది 48 నుంచి 96 గంటల మధ్య, అంటే మూడో రోజు, నాలుగో రోజు. మనిషి పూర్తిగా గందరగోళంలో పడతాడు. ఏ రోజో తెలియదు, ఎక్కడున్నాడో తెలియదు, ఒళ్ళు కాలిపోతుంది, పట్టుకున్నా ఆగడు. ఇది దెయ్యం కాదు, గాలి సోకడం కాదు. దీనికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. వైద్యం అందితే దాదాపు అందరూ బయటపడతారు. తేడా అంతా ఆస్పత్రికి చేరడంలోనే ఉంది.

రోజూ తాగే ప్రతి మనిషికీ ఇలా అవుతుందా? అవదు. మరి ఎవరికి ప్రమాదం? పొద్దున్నే ఒక గుక్క పడకపోతే చెయ్యి వణికే మనిషికి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషికి. ముందోసారి మతి తప్పి మాట్లాడిన మనిషికి. లివరు జబ్బు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, వయసు పైబడ్డవాళ్ళకి. వీళ్ళలో ఎవర్నీ ఇంట్లో పెట్టి మాన్పించొద్దు. ఇంకోసారి చెబుతాను, ఇంట్లో పెట్టి మాన్పించొద్దు.

"మా ఆయన రెండుసార్లు ఊరికే మానేశాడండి, ఏమీ కాలేదు" అంటారు. నిజమే. కానీ ఇది ప్రతిసారీ ఒకేలా రాదు. మానడం, మళ్ళీ పట్టడం, మళ్ళీ ఒక్కసారిగా ఆపడం, ఇలా జరిగినకొద్దీ మెదడు ఇంకా తొందరగా రెచ్చిపోతుంది. మొదటిసారి వణుకుతో పోయినవాడికి మూడోసారి ఫిట్స్ రావచ్చు. పోయినసారి ఏమీ కాలేదన్నది ఈసారికి ధీమా కాదు.

మరి రాత్రి పడవ లేదు, ఏరు పోటు మీదుంది, రేపటిదాకా దాటలేం. అప్పుడేం చెయ్యాలి? వినడానికి మీకు వింతగా ఉంటుంది, అయినా చెబుతాను. ఆస్పత్రికి తీసుకెళ్ళే ఏర్పాటు అయ్యేదాకా అతని మందు బలవంతంగా, ఒక్కసారిగా ఆపించకండి. "రేపు పొద్దున పడవలో వెళ్దాం, అక్కడ ఆపుదాం" అని మాట తీసుకోండి. ఇది తాగించడం కాదు, ప్రాణం కాపాడటం. ఇప్పటికే ఆపేసి వణుకుతుంటే మాత్రం వెంటనే ఫోన్లో డాక్టరుతో మాట్లాడి, దారి ఎలా ఉంటే అలా దాటించండి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, రక్తం వాంతి చేసుకున్నా, విరేచనం తారులా నల్లగా పోయినా, కళ్ళు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకండి.

ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో తెలుసా? తాళాలగుత్తి చేతిలో పెడతారు. దానివల్ల ఏమీ ఒరగదు, ఉన్న నిమిషం పోతుంది. పళ్ళ మధ్య చెంచా పెట్టొద్దు, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, కాళ్ళూ చేతులూ అదిమిపెట్టొద్దు. పక్కనున్న గునపం, కత్తిపీట లాంటివి దూరంగా తీసెయ్యండి. తల కింద తువ్వాలు పెట్టండి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ బయటికి పోతుంది. టైము చూడండి. 5 నిమిషాలు దాటినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా చాలా ప్రమాదం.

ఇంకో విషయం, ఇది మన డెల్టా వాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది. సరిగా తినరు, తిన్నది ఒంటబట్టదు. దానికితోడు మనం తినేది ఏమిటి? బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం. తవుడుతో పాటే బి1 పోతుంది. మిగిలింది కడుగు నీళ్ళలో కొంత, వార్చిన గంజిలో కొంత పోతుంది. ఒకప్పుడు ఈ సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఎందుకు ఉండేదనుకున్నారు? ఈ లోపం వల్లే. ఇలాంటి మనిషి నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఆరెంపీని పిలిచి గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. గ్లూకోజును ఒళ్ళు వాడుకోవాలంటే బి1 కావాలి. ఉన్న కాస్తా దానికి ఖర్చయిపోతే మెదడు దెబ్బతింటుంది. నడక తూలుతుంది, కళ్ళు సరిగా తిరగవు, మనిషి అయోమయంలో పడతాడు. మందు తాగకుండానే తాగినవాడిలా ఉంటాడు. అప్పుడు జాగ్రత్త పడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అందుకని ఎవరు సెలైన్ పెట్టినా ముందు ఒక్క మాట అడగండి: "బాబూ, బి1 ఇంజెక్షన్ ముందు ఇచ్చారా?" ఈ ఒక్క మాట అడగడం నేర్చుకుంటే ఇవాళ మీరు ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

ఆస్పత్రిలో ఏం చేస్తారు? సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు ఉంచుతారు. క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రలు మొదటి రోజు ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి, రోజురోజుకీ తగ్గించి ఆపేస్తారు. లివరు దెబ్బతిన్నవాళ్ళకి లోరజిపామ్ వాడతారు. బి1 సూది ద్వారా ఇస్తారు. ఈ మాత్రలు మీరు కొట్టులో కొని వేసేవి కావు. వాటి మీద మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు, ఎక్కువ రోజులు వేస్తే వాటికే అలవాటు పడతారు.

డాక్టరు దగ్గర ఎంత తాగుతాడో నిజం చెప్పండి. "అప్పుడప్పుడూ అండి" అంటే మోతాదు తప్పుతుంది. లెక్క ఇలా చెప్పండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, విస్కీ గానీ బ్రాందీ గానీ అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 40 గ్రాముల పైచిలుకు. రోజుకి ఎన్ని క్వార్టర్లు, ఎన్నేళ్ళుగా, ఆఖరుసారి ఎన్ని గంటలకి, ఈ మూడూ చెబితే చాలు. నాటుసారా అయితే ఆ మాట కూడా సిగ్గుపడకుండా చెప్పండి. అందులో ఎంత ఘాటుందో, ఏం కలిపారో ఎవరికీ తెలియదు. మిథైల్ ఆల్కహాల్ కలిసిన సరుకైతే చూపు మసకబారుతుంది, చూపే పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. సారా తాగిన మర్నాడు కళ్ళు మసకగా ఉన్నాయంటే అది అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాల్సిన విషయం.

ఎక్కడికి వెళ్ళాలి? కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్లో అడగాలంటే రెండు నంబర్లు. 14416, ఇది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. 14446, ఇది వ్యసనాల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. రెండూ ఉచితం. గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి, ఫోను పోయినా నంబరు పోదు.

ఇక కూరలో కలిపే మాత్రల సంగతి. అడగకుండానే చెబుతున్నాను, ఎందుకంటే ఎవరూ నోరు తెరిచి అడగరు. డైసల్ఫిరామ్ అని ఒక మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి మందు తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకునేవాళ్ళకి అది బాగా పనిచేస్తుంది. ఆయనకి తెలియకుండా పప్పులోనో మజ్జిగలోనో కలిపితే ఏమవుతుంది? ఆయన ఎప్పటిలా తాగుతాడు. గుండె బలహీనంగా ఉంటే అక్కడే కూలిపోతాడు. మాత్ర ఆపినా దాదాపు రెండు వారాలు ఒంట్లో దాని పని ఉంటుంది. మందు వాసన లేని రోజు చూసి కలిపినా ప్రమాదమే. దొంగతనంగా పెట్టకండమ్మా. మీ కష్టం నాకు తెలుసు, అయినా పెట్టకండి. మద్యం మీద కోరికను తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని. ఆయనకే చెప్పి, ఆయనతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంటికొచ్చాక

ఇప్పుడు లంక సంగతికి వద్దాం. వారం గడిచింది, వణుకు పోయింది, మనిషి పడవ దిగాడు. ఇక్కణ్ణుంచి ఇది మీ చేతిలో పని. లంక ఏమిస్తుంది? రెండిస్తుంది. ఒకటి, కోరిక పుట్టడానికీ సీసా చేతికి రావడానికీ మధ్య దూరం. మందు కోరిక ఒక్కసారి లేస్తే 15 నిమిషాల నుంచి అరగంట దాకా ఉధృతంగా ఉంటుంది. ఏమీ చెయ్యకపోయినా తర్వాత దానంతటదే తగ్గుతుంది. టౌనులో సందు చివరే కొట్టుంటే ఆ అరగంట చాలు. ఇక్కడ రేవుకి నడిచి, పడవ కోసం నిలబడి, అవతలికి దాటేసరికి ఆ కోరిక సగం చచ్చిపోతుంది. రెండోది, పొద్దున్నే ఒంటి మీద పడే ఎండ, ఒంటికి పని, రాత్రికి చీకటి. మానిన తర్వాత వారాల తరబడి, కొందరికి నెలల తరబడి నిద్ర సరిగా పట్టదు. తిరిగి తాగడానికి ఇదొక పెద్ద కారణం. పొద్దున్నే ఆరుబయట గంట సేపు వెలుతురు తగిలితే ఒంట్లో గడియారం మళ్ళీ దారిన పడుతుంది. ఏరు, గట్టు, తోట ఉన్న మీకు దీనికి పైసా ఖర్చు లేదు.

కానీ లంక శుభ్రంగా ఉందని అనుకోవద్దు. ఇక్కడ బెల్టు షాపు లేదా? రెల్లుదుబ్బుల్లో బెల్లపు ఊట డ్రమ్ములు లేవా? కొబ్బరిచెట్టుకి కల్లుకుండ లేదా? నవ్వుతున్నారు, ఉన్నాయన్నమాట. దుకాణం మూస్తే సరిపోతుందని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలించేశారు. ఆ పోరాటం న్యాయమైనది. కానీ చట్టం వచ్చినా పోయినా, అలవాటుపడ్డ ఒంటికి చికిత్స విడిగా చెయ్యాల్సిందే.

అందుకని మనిషి ఆస్పత్రిలో ఉండగానే ఇల్లు వెతకండి. చూరులో, గడ్డివాములో, పశువులపాక అటక మీద, మోటారు షెడ్డులో, కొబ్బరి డొక్కల కుప్పలో చూడండి. ఆయన వచ్చాక "ఇంకెక్కడన్నా ఉన్నాయా?" అని ఆయన్నే అడిగి ఆయన చేతే పారబోయించండి. మీరు దొంగచాటుగా పారబోస్తే అది పోట్లాటకి పనికొస్తుంది, ఇంక దేనికీ పనికిరాదు. పొలానికి వెళ్ళే దారి సారా కాచేచోటు పక్కనుంచి ఉంటే దారి మార్చండి, చుట్టైనా సరే.

పని ఎలా ఇవ్వాలి? ఇక్కడ చాలామంది తప్పుచేస్తారు. "ఒళ్ళు వంచితే అదే మానుతుంది" అని మర్నాటి నుంచే ఎండలో పారపని పెడతారు. వద్దు. ఇంటికొచ్చిన మొదటి వారం, పది రోజులు పశువుకి మేత, మొక్కలకి నీళ్ళు, పొద్దునా సాయంత్రం గట్టు మీద అరగంట నడక. అంతే. రెండు, మూడు వారాలకి కంచె కట్టడం, కలుపు తియ్యడం. నెల దాటాక పారపని. ఆకలి తిరిగొచ్చి, నిద్ర కాస్త కుదురుకుంటే మీకే తెలుస్తుంది.

చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి, కచ్చితంగా పాటించండి. కొబ్బరిచెట్టు ఎక్కకూడదు. కాయల దింపు ఆయన వృత్తే అయినా సరే, డాక్టరు సరేననేదాకా ఎక్కకూడదు. ఒంటరిగా ఏట్లో దిగకూడదు, ఈతకి గానీ వలకి గానీ, పశువుల్ని కడగడానికి గానీ. ఒంటరిగా పడవ నడపకూడదు. ఎందుకు? ఆ రోజుల్లో ఒక్క ఫిట్ వస్తే గట్టు మీదైతే లేచి కూర్చుంటాడు, నీళ్ళలోనైతే మనకి దక్కడు. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే, డాక్టరును అడిగి, తోడుతో మొదలుపెట్టవచ్చు.

ఆయనకంటూ ఒక మడి ఇవ్వండి. రెండు సెంట్లు చాలు, ఇంట్లోంచి కనపడే చోట. ఎకరం ఇవ్వకండి, ఎకరం చూస్తేనే నీరసం వస్తుంది. ఏం వెయ్యాలి? తొందరగా చేతికొచ్చేది వెయ్యాలి. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. బీర 45, 50 రోజుల్లో కాయడం మొదలుపెడుతుంది, తర్వాత రెండు రోజులకోసారి కోసుకోవాలి. మానిన మనిషికి మొదటి రెండు మూడు నెలలు దేనిమీదా ఉత్సాహం ఉండదు. మందు వల్ల పుట్టే ఆనందానికి అలవాటుపడ్డ మెదడుకి మామూలు సంతోషాలు రుచించవు, తిరిగి అలవాటు కావడానికి సమయం పడుతుంది. ఆ నెలల్లోనే కళ్ళముందు ఏదో ఎదగాలి, కోతకి రావాలి. అరటి వేస్తే ఏడాది ఆగాలి, కొబ్బరైతే చెప్పక్కర్లేదు. అందుకే ముందు తోటకూర, పక్కనే బీర. అక్టోబరులో వరద తగ్గాక ఒండ్రు పరిచిన నేలలో మొదలుపెడితే పెద్దగా ఎరువు కూడా అక్కర్లేదు. బీరకి వరసల మధ్య ఆరడుగులు, పాదుల మధ్య రెండడుగులు, పాదుకి మూడు గింజలు పెట్టి మొలిచాక రెండు ఉంచండి. వెదురో సరుగుడు కర్రలో పందిరి ఆయన చేతే వేయించండి. ఏ పాదు ఎక్కడ, ఎప్పుడు నీళ్ళు, అన్నీ ఆయన ఇష్టం. పక్కన నిలబడి "అలా కాదు" అనకండి. తప్పు వేస్తే ఆయనే తెలుసుకుంటాడు.

ఆవో గేదో ఉంటే ఇంకా మేలు. ఎందుకంటే అది వేళ తప్పనివ్వదు. సాయంత్రం ఐదు గంటలకి పాలు పితకాల్సిందే. మందు కోరిక ఎక్కువగా లేచేది కూడా ఆ వేళకే. పాలు పితికి, కేంద్రానికి పోసి, పాక శుభ్రం చేసి, స్నానం చేసేసరికి ఏడవుతుంది. చాలామందికి ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్న ఆ మూడు గంటలే అసలు గండం. ఆ మూడు గంటల్లో ఖాళీ ఉండకూడదు, ఆకలి ఉండకూడదు. సాయంత్రం నాలుగున్నరకే ఏదో ఒకటి తినిపించండి, చోడి జావ, ఉడికించిన వేరుశనగలు, గుడ్డు, ఏదైనా. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా కోరిక రెట్టింపవుతుంది. కోరిక లేచినప్పుడు "నాకు ఇప్పుడు తాగాలనిపిస్తోంది" అని ఆయన పైకి చెప్పగలిగేలా ఉండాలి ఇల్లు. చెప్పగానే మీరు ఏడ్చినా, తిట్టినా రెండోసారి చెప్పడు. "పద, గట్టు దాకా నడిచొద్దాం" అనండి, చాలు.

తిండి విషయం చెప్పాలి. ముడిబియ్యం దొరికితే మంచిది, లేదంటే గంజి వార్చకుండా వండండి. కందిపప్పు, పెసలు, మునగాకు, చిన్నచేపలు, గుడ్డు. డాక్టరు రాసిన బి1 మాత్రలు చెప్పిన రోజుల దాకా ఆపకండి. రాత్రి నిద్ర పట్టకపోతే నిద్రమాత్ర అడగొద్దు. పగలు పడుకోనివ్వకండి, మధ్యాహ్నం తర్వాత టీ ఆపండి.

ఖైనీ, గుట్కా, సిగరెట్టు కూడా ఒకేసారి మాన్పించాలా అని చాలామంది అడుగుతారు. వీలైతే మంచిదే, కానీ ఆయన సిద్ధంగా లేకపోతే మందు కుదురుకున్నాక దాని సంగతి చూడండి.

ఇక డబ్బు. నెలన్నరకో రెండు నెలలకో దింపు పడుతుంది, కాయ డబ్బులు చేతికొస్తాయి. కూలి డబ్బులు శనివారం వస్తాయి. చేతిలో నోట్లు, పక్కన పాత స్నేహితులు, ఇది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. మొదటి ఆరు నెలలు కాయ డబ్బు నేరుగా భార్య ఖాతాలోకి వేయించండి. ఇది ఆయనకి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే. అవమానంలా కాకుండా మాట్లాడుకుని చెయ్యండి.

లంకలో ఒక కష్టం ఉంది, దాచకుండా చెబుతాను. ఇక్కడ ఒంటరితనం ఎక్కువ. దూరం మందును ఆపినట్టే మనుషుల్ని కూడా ఆపుతుంది. మానిన మనిషికి మానిన మనిషే తోడు. ఈ ఊళ్ళో ముగ్గురు ఉన్నారా? ఉంటే వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకి ఈ రామాలయం అరుగు మీద కూర్చోండి. ఉపన్యాసాలు వద్దు, ఆ వారం ఏ రోజు కష్టమైంది, ఎలా దాటారు, అంతే. ఏ.ఏ., అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, అని వింటారు చూడండి, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతోనే అది మొదలైంది. దానికి చందా లేదు, పేర్లు బయటపెట్టరు.

మళ్ళీ తాగితే? తాగుతారు, చాలామంది ఏదో ఒక రోజు ఒక గ్లాసు తాగుతారు. దానితో చికిత్స వ్యర్థమైపోయిందని కాదు. ఆ రోజే ఆపితే పెద్దగా ఏమీ కాదు, ఎక్కడ ఎవరితో ఏ వేళకి తాగాడో మాట్లాడి ఆ దారి మూసెయ్యండి. ఐదారు రోజులు వరసగా తాగితే మాత్రం మళ్ళీ ఇంట్లో ఆపించొద్దు. మొదట్లో చెప్పింది గుర్తుందా? మళ్ళీ ఏరు దాటాలి. "ఆయ్" అంటున్నారు, సంతోషం.

వరద నెలలు, పండగ రోజులు

రెండు కాలాలు ముందే ఆలోచించుకోవాలి. ఒకటి జులై నుంచి సెప్టెంబరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, మీకు నేను చెప్పక్కర్లేదు. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగిపోతుంది, అటూ ఇటూ పడవే దిక్కు. డాక్టరు రాసిన ఇరవై రోజుల మాత్రలు జూన్ నెలాఖరుకే ఇంట్లో ఉండాలి, ప్లాస్టిక్ డబ్బాలో, అటక మీద. మాత్రలు ఆయన చేతికి మొత్తం ఇవ్వకండి, రోజువారీ ఇవ్వండి. ఆ మూడు నెలల్లో ఎవరికీ కొత్తగా మాన్పించడం మొదలుపెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి రండి, లేదంటే అక్టోబరు దాకా ఆగి వెళ్ళండి. వెళ్ళాల్సిందే అనుకుంటే వరద రాకముందే గట్టు మీద బంధువుల ఇంట్లో మకాం పెట్టండి. వరద పునరావాస కేంద్రంలో పది రోజులుంటే అక్కడ పని ఉండదు, పాత స్నేహితులు ఉంటారు. అక్కడ ఆయనకి ఏదైనా బాధ్యత అప్పచెప్పండి, వంట దగ్గరో, మంచినీళ్ళ పంపకం దగ్గరో.

రెండోది సంక్రాంతి. భోగి నుంచి కనుమ దాకా కోడిపందేల బరులు, బరుల పక్కన మందు. మొదటి ఏడాది బరికి వెళ్ళకూడదు, చూడ్డానికి కూడా. అల్లుడు వచ్చాడని, వియ్యంకుడు వచ్చాడని ఇంట్లో సీసా తెరవకూడదు. ఎవరొచ్చినా "ఈ ఇంట్లో ఈ ఏడాది మందు లేదు" అని ముందే ఫోన్లో చెప్పేయండి. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పొద్దున్నే కుటుంబంతో వెళ్ళి చీకటిపడకముందే వచ్చేయొచ్చు. ఒక్కణ్ణి మాత్రం పంపకండి.

ఇప్పుడు ఏళ్ళ తరబడి తాగుతూ పొద్దున వణికే మనిషి ఉన్న ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ సమావేశం అయ్యాక ఆ మూల బల్ల దగ్గరికి రండి. రోజుకి ఎంత, ఎన్నేళ్ళుగా, ముందు ఫిట్స్ వచ్చాయా, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలేమిటి, ఈ నాలుగూ రాసుకుని కాకినాడ వెళ్ళే రోజు ఖాయం చేసుకుందాం. పాత చీటీలు, స్కానింగు కాగితాలు తెచ్చినవాళ్ళని ముందు చూస్తాను. ఆఖరి పడవ ఆరింటికన్నారు కాబట్టి అవతలి లంక నుంచి వచ్చినవాళ్ళు వరసలో ముందు కూర్చోండి.